గుర్రపు దొడ్డిలో గరిక

వినాయక చవితికి నెలల ముందునుండే ధూల్‌పేట వీథులు గణపతి విగ్రహాలతో నిండిపోతాయి. తరతరాల క్రిందట ఉత్తరాది నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన లోధ్ కుటుంబాలవారు అనేకులు ఈ విగ్రహాల పనిమీదనే జీవిస్తున్నారు. విగ్రహం ఇంటికి వచ్చిన తరువాత దాని పాదాల చెంత ఉంచే పత్రిలో గరికది ప్రత్యేక స్థానం. రెండేసి పోచలుగా త్రుంచి స్వామికి సమర్పించే ఆ గరికయే, మన నేలమీద సులభంగా పెరిగే గడ్డి జాతులన్నిటిలోను గుర్రానికి నమ్మదగిన మేత. చవితినాడు గరిక కొరకు వెదకని ఇల్లు ఉండదు. గుర్రాన్ని కట్టుకొన్న ఇంటివారు మాత్రం తమ దొడ్డిలో అది ఎందుకు మాయమైపోయినదో విచారించరు. ఈ ప్రసంగం ఆ విచారణకు సంబంధించినది.

పాతబస్తీలోను, దాని చుట్టుప్రక్కల పేటలలోను పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను బాడుగకు ఇచ్చి బ్రతికే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఝట్కాలు పోయి చాలకాలమైనది. వరుడిని ఎక్కించుకొనే గుర్రం మాత్రం పోలేదు. హైదరాబాదు గుర్రపు పందెములు 1886లో మౌలాలి నుండి మలక్‌పేటకు తరలినవి. అక్కడి పచ్చికను కనిపెట్టి చూడటానికి పనివారున్నారు. గోషామహల్‌లో నగర పోలీసుల అశ్వదళం ఉన్నది. దాని దాణాకు, వైద్యానికి సర్కారు ఏర్పాట్లున్నాయి. ఒకటి రెండు గుర్రాలు గల ఇంటికి ఇటువంటి ఆసరా ఏదీ లేదు. ఇంటి వెనుక రెండు గుంటల ఖాళీ స్థలమో, ఊరి వెలుపల కౌలుకు తీసుకొన్న అరెకరమో ఉంటుంది. నలువైపుల కంచె వేసి గుర్రాన్ని విడిచిపెట్టే ఆ చిన్న జాగానే నేను ఇక్కడ దొడ్డి అంటున్నాను. వానకాలంలో దూరంనుండి చూస్తే అది పచ్చగానే కనిపిస్తుంది. దగ్గరకు పోయి చూస్తే ఆ పచ్చదనమంతా వయ్యారిభామ, తుంగ, పల్లేరు. గుర్రం వాటి నడుమ నిలబడి, నేలను అంటుకొని ఉన్న నాలుగు పోచలను కొరుకుతూ ఉంటుంది. ఆ గుర్రం ముహూర్తాల దినాలలో జబ్బుపడినదా, ఇంటికి ఆ యేటి రాబడి పోయినట్లే.

మొదట ఒక చిన్న లెక్క చూడవలెను. నాలుగు వందల కిలోల బరువుగల గుర్రానికి దినమునకు సుమారు ఎనిమిది కిలోల మేత కావలెను. ఇది పచ్చిగడ్డిలోని నీరు పోగా మిగిలే ఎండు బరువు. నీటి వసతి ఉండి, బాగుగా పోషించిన గరిక నేల ఒక గుంటకు ఏడాదిలో నూరు కిలోలకు మించి ఎండుగడ్డి ఇవ్వదు. అనగా గుంట నేల ఏడాది పొడుగునా శ్రమించి పండించిన గడ్డి ఒక గుర్రానికి పండ్రెండు దినాల గ్రాసం. నాలుగు గుంటల దొడ్డి ఉన్నవారికి నెలన్నర గడుస్తుంది. మిగిలిన పదిన్నర నెలల మేత బయటనుండి మోపులుగా రావలసినదే. ఈ లెక్క తెలియని యజమాని దొడ్డియే గుర్రాన్ని పోషిస్తుందనుకొని రాత్రింబగళ్ళు దానిలోనే వదలివేస్తాడు. గడ్డి చచ్చిపోతుంది, గుర్రం చిక్కిపోతుంది. దొడ్డి గుర్రానికి అటూఇటూ తిరుగాడే చోటు, పూటకు కొంతసేపు తల వంచి మేసే చోటు. అంతకు మించి దానినుండి ఆశించరాదు.

మేతలో హెచ్చుభాగం బయటనుండి వచ్చేదే గనుక, దొడ్డిలోని కలుపు మాట ఎత్తకముందు ఆ మోపులోని గడ్డి మాట చెప్పుకోవలెను. నా దృష్టిలో పట్టణపు గుర్రాలకు కలుగుతున్న నష్టంలో పెద్దపాలు ఇక్కడనే ఉన్నది.

నగరానికి దిగువన మూసీ వెంబడి, నగరపు మురుగునీటి పారుదలతో పారాగడ్డిని పెంచి, కోసి, పాడిపశువులకు అమ్మే అలవాటు దశాబ్దాలుగా ఉన్నది. గేదెకు అది చవకైన పచ్చిమేత. ఏపుగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా దొరుకుతుంది. నేపియర్ గడ్డి సంగతి కూడ అంతే. మెట్టనేలలలో పశువుల బీళ్ళకు అంజన్ గడ్డి మేలని సిఫారసు చేస్తారు. పశువుల వరకు ఆ సిఫారసు సరియైనదే. అయితే ఈ గడ్డి జాతులలో ఆక్సలేట్ అనే పదార్థం హెచ్చుగా ఉంటుంది. అది గడ్డిలోని సున్నాన్ని, అనగా కాల్షియమును, గట్టిగా పట్టుకొని వదలదు. ఆవు గేదెల మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని ముందుగానే విరగగొట్టివేస్తాయి, కాల్షియము విడివడి ఒంటికి పడుతుంది. గుర్రానికి అటువంటి నెమరు పొట్ట లేదు. దాని ఒంటిలో కాల్షియము చిన్న ప్రేగులోనే పీల్చుకోబడవలెను. గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు ఆ తరువాత వచ్చే పెద్ద ప్రేగులో ఉంటాయి. అవి ఆక్సలేట్‌ను విరగగొట్టే వేళకు కాల్షియమును అందుకొనే చోటు దాటిపోయి ఉంటుంది. ఇట్లు కడుపునిండ పచ్చగడ్డి తింటున్న గుర్రానికి ఎముకలలో కరవు ఏర్పడుతుంది.

దీనికి తోడు గోధుమ పొట్టు, బియ్యపు తవుడు. ఇవి చవక అని గుర్రానికి బుట్టలకొద్దీ పెట్టే ఇండ్లు చాల ఉన్నాయి. తవుడులో భాస్వరం అధికం, కాల్షియము స్వల్పం. భాస్వరం హెచ్చిన కొలది ఉన్న ఆ కాస్త కాల్షియము కూడ ఒంటికి పట్టదు. రక్తంలో కాల్షియము తగ్గగానే, గొంతు దగ్గరి చిన్న గ్రంథులు ఆ లోటును పూరించటానికి ఎముకలనుండి దానిని లాగివేస్తాయి. గట్టి ఎముక ఉండవలసిన చోట మెత్తని పీచు కండ పెరుగుతుంది. ఐరోపాలో పిండిమరల యజమానుల గుర్రాలకు ఈ జబ్బు తరచుగా వచ్చేదట. మరలో మిగిలిన పొట్టు అంతా వాటికే పెట్టేవారు గదా!

జబ్బు ఒక్కసారిగా బయటపడదు. గుర్రం ఒకనాడు ఒక కాలు, మరొకనాడు మరొక కాలు కుంటుతుంది. నాడా సరిగా పడలేదనుకొని నాడాలు మార్పిస్తారు. తరువాత నడక బిగుసుకొంటుంది, మేత నమలటం మందగిస్తుంది. ముదిరితే కన్నులకు దిగువ ముఖపు ఎముకలు రెండు ప్రక్కల సమానంగా ఉబ్బుతాయి. అప్పటికి చాల ఆలస్యమైనట్లు. కుంటు ఒక కాలినుండి మరొక కాలికి మారుతున్నదంటే నాడాలవాని వద్దకు పోవటంతో ఆగక పశువైద్యునికి చూపించి, మేత ఏమి పెడుతున్నదీ దాచకుండ చెప్పవలెను. ఆయన సలహా మీద సున్నపురాయి పొడిని తగు మోతాదులో దాణాలో కలుపవచ్చును. గోడలకు వేసే సున్నం, తాంబూలపు సున్నం ఇందుకు పనికిరావు. అవి నోటిని, ప్రేగులను కాల్చివేస్తాయి.

కనుక మోపు కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి గాక, ఏ గడ్డి అన్నది. పొలం గట్లమీద కోసిన గరిక, ఎండబెట్టిన గరిక, కొద్దిగా లూసర్న్ — ఇవి దొరికినంతవరకు వీటికే మొదటి పీట. లూసర్న్‌లో కాల్షియము హెచ్చు. అయితే అది బలమైన మేత, పిడికెడు పిడికెడుగా అలవాటు చేయవలెనే గాని మోపు విప్పి ముందర పడవేయరాదు. పారాగడ్డి తప్పనిసరియైన దినాలలో అది మొత్తం మేతలో కొద్దిపాలుగా ఉండవలెను. లేత జొన్నపైరు గుర్రానికి మంచిది కాదు; మూత్రాశయం చెడి, వెనుక కాళ్ళు తూలే జబ్బు దానివలన వస్తుంది. ఎండిన జొన్నచొప్పతో ఆ భయం తక్కువ. దాణా మాటకు వస్తే, ఉడికించిన ఉలవ గుగ్గిళ్ళు మన పెద్దలు కనిపెట్టిన మంచి దాణా, తవుడు బుట్టకంటె ఎన్నో రెట్లు నయం. మోటుపల్లి రేవును గురించి వ్రాసిన మార్కోపోలో, దక్షిణ సముద్రతీరాన దిగుతున్న వేలకొలది గుర్రాలు సరియైన పోషణ ఎరుగని చేతులలో పడి చచ్చిపోతున్నాయని కూడ వ్రాసిపెట్టాడు. ఉలవలు ఉడికించే సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఇక దొడ్డి లోపలికి పోదాము.

ఆవు నాలుకతో గడ్డిని చుట్టి త్రెంపుతుంది. దానికి పై దవడలో ముందుపండ్లు లేవు గనుక నేలకు కొంచెం ఎత్తులోనే గడ్డి మిగిలిపోతుంది. గుర్రానికి పైనా క్రిందా పండ్లున్నాయి. కత్తెరవలె నేలమట్టానికి కొరుకుతుంది. పైగా దానికి ఒక పట్టుదల ఉన్నది. ఒక మూలను లద్దె వేసే చోటుగా పెట్టుకొంటుంది, ఆ మూల గడ్డిని ఎంత ఆకలియైనా ముట్టదు. తినే చోటునే మళ్ళీ మళ్ళీ తింటుంది. నిన్న కొరికిన పోచకు ఇవాళ వచ్చిన లేత మొన తీయగా ఉంటుంది గనుక మళ్ళీ దానినే కొరుకుతుంది. కొన్ని నెలలకు దొడ్డి రెండు రకాల నేలగా చీలిపోతుంది: ఒకవైపు బోడినేల, మరొకవైపు లద్దె బలంతో నడుమెత్తు పెరిగిన ముదురు కలుపు. బోడినేలను గిట్టలు త్రొక్కి త్రొక్కి గచ్చువలె చేస్తాయి. వాననీరు దానిలో ఇంకదు. అటువంటి నేలలో గరిక వేళ్ళు సాగవు. వయ్యారిభామ విత్తుకు మాత్రం అదే కావలసినది. కలుపు వచ్చి గడ్డిని తరిమివేసినదని మనం అంటాము. నిజానికి గడ్డి పోయిన తరువాతనే ఆ ఖాళీలోనికి కలుపు వచ్చినది. ఈ క్రమాన్ని గ్రహించనివారు ఏడాదికి మూడు పర్యాయాలు కూలివాండ్రను పెట్టి కలుపు పీకించి, నాల్గవ పర్యాయం మళ్ళీ మొదలు పెడతారు.

వయ్యారిభామ పేరు ఒయ్యారంగా ఉన్నదే గాని గుణం అది కాదు. అమెరికా ఖండపు మొక్క ఇది. మన దేశంలో 1955 ప్రాంతంలో పూనాలో దీనిని మొదటగా గుర్తించి వ్రాశారు. కొన్ని దశాబ్దాలలో దేశమంతటా వ్యాపించింది. కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడ దీనిదే. ఒక్క మొక్క 15 వేలకు పైగా విత్తులు రాల్చగలదు. తడి తగిలితే ఏ ఋతువులోనైనా మొలుస్తుంది, ఏడాదిలో నాలుగైదు తరాలు గడిచిపోతాయి. మనుష్యులకు చర్మంమీద దద్దుర్లు, ఉబ్బసం కలిగిస్తుంది. పశువులు తింటే నోరు, చర్మం పుండుపడతాయి. సాధారణంగా గుర్రం దీనిని వాసన చూసి వదలివేస్తుంది. ఆకలిగొన్న గుర్రం మాత్రం, లేదా ఎండుమోపులో కలిసిపోయినప్పుడు ఏ గుర్రమైనా, దానిని వేరుచేసుకోలేదు.

దీనిని తినే పురుగును, ఒక చారల పెంకుపురుగును, మెక్సికో నుండి 1983లో బెంగుళూరుకు తెప్పించి, మరుసటి ఏడు పొలాలలో విడిచిపెట్టారు. వానకాలంలో అది ఆకులను జల్లెడ చేస్తుంది. చలికాలం రాగానే మట్టిలో దాగి నిద్రపోతుంది. దొడ్డిలో మీకు ఆ పురుగు కనిపిస్తే చంపవద్దు, దానిమీదనే భారం వేసి కూర్చోనూవద్దు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు ఈ మొక్క నిర్మూలనకు వారోత్సవం జరుపుతుంది. మన దొడ్డికి ఆ తేదీలవరకు ఆగితే ఆలస్యమే. తొలకరి పడిన మూడు నాలుగు వారాలకు, పూమొగ్గ తొడుగక ముందు, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, వేరుతో సహా పీకవలెను. పైన కోసి వదలితే మొదలునుండి నాలుగు కొమ్మలు వేస్తుంది. పూవు వచ్చిన తరువాత పీకితే విత్తులను మనమే చల్లినట్లు. అప్పుడు సంచిలో కట్టి బయటకు చేర్చి తగులబెట్టుటయో, లోతుగా పూడ్చుటయో చేయవలెను. రోడ్ల ప్రక్కన ఉప్పునీళ్ళు చల్లి దీనిని చంపే పద్ధతి ఒకటి ఉన్నది. దొడ్డిలో ఆ పని చేసినవారి నేలలో తరువాత గరిక కూడ మొలవదు. కలుపు మందుల విషయంలో నాకు పట్టుదల లేదు. కాని నాలుగు గుంటల జాగాకు మనిషి చేయి చాలును. మందు తగిలి వాడిన విషపు మొక్క ఒక్కొక్కప్పుడు పశువుకు రుచిగా తోస్తుందని మాత్రం మరువవద్దు. మందు కొట్టిన చోటికి ఆ మొక్కలు ఎండి మాయమయ్యేవరకు గుర్రాన్ని పోనీయరాదు.

ఈ మొక్కకు చవితి పండుగతో ఒక చిక్కు ఉన్నది. వయ్యారిభామ ఆకు చూపుకు మాచిపత్రిని పోలి ఉంటుంది; పిచ్చి మాచిపత్రి అని కొందరంటారు కూడ. అంగళ్ళలో ఒక్కొక్కప్పుడు మాచిపత్రి పేరున దీనినే కట్టలు కట్టి అమ్ముతారు. నలిపితే నిజమైన మాచిపత్రి సువాసన వేస్తుంది, ఆకు అడుగుభాగం తెల్లని నూగుతో ఉంటుంది. వయ్యారిభామకు ఆ పరిమళం లేదు. పూజ ముగిసిన తరువాత ఆ పత్రి అంతా వీథి మూలకు చేరుతుంది. ఏకవింశతి పత్రాలలో గరికతోపాటు ఉమ్మెత్త ఉన్నది, గన్నేరు ఉన్నది, జిల్లేడు ఉన్నది. స్వామికి అన్నీ సమానమే, గుర్రానికి కావు. ఉమ్మెత్త ప్రేగుల కదలికను ఆపి కడుపునొప్పి తెస్తుంది. గన్నేరు గుండెను పట్టుకొంటుంది. గుప్పెడు ఆకులు ఒక గుర్రాన్ని చంపటానికి చాలును, ఎండిన ఆకులోనూ ఆ విషం పోదు. జిల్లేడు పాలలోను గుండెకు విషమైన పదార్థాలే ఉన్నాయి. వీథిలో విడిచిన గుర్రం ఆ కుప్పలో గరికను చూసి నోరు పెట్టిందంటే మిగిలినవి కూడ నోటిలోనికి పోతాయి. కొందరు భక్తితో, పూజ చేసిన పత్రిని పారవేయటం ఎందుకని, తామే తెచ్చి గుర్రానికో ఆవుకో పెడతారు. గుర్రం ఉన్న ఇంటివారు చవితి తరువాతి దినాలలో గుర్రాన్ని కట్టివేసి ఉంచవలెను. ఇరుగుపొరుగులకు కూడ ఈ మాట చెప్పి ఉంచవలెను. దొడ్డి కంచెకు అందంగా ఉంటుందని గన్నేరు నాటిన ఇండ్లు ఉన్నాయి. ఆ చెట్టును ఈ వారంలోనే మొదలంట తీసివేయుడని నా సలహా.

కసింద అనే మొక్కను గూర్చి కూడ హెచ్చరించవలెను. పసుపు పూలు, బల్లపరుపు కాయలు, నలిపితే వెగటు వాసన. వయ్యారిభామను అణచటానికి తంటెపు జాతి మొక్కలను చల్లమని చెప్పే వ్యవసాయ సలహా ఒకటి ప్రచారంలో ఉన్నది. బీడునేలలకు అది యుక్తమే. కాని ఆ కుటుంబానికి చెందిన కసింద గింజలు గుర్రానికి కాలేయాన్ని, నరాలను దెబ్బతీస్తాయి. తెలియక ఒకదానికి బదులు మరొకటి చల్లే ప్రమాదం ఉన్నది గనుక గుర్రపు దొడ్డిలో ఆ పద్ధతి వలదు. కంచె వెలుపల బంతి వేసుకోవచ్చును. అదీ వయ్యారిభామను కొంత అణచుతుంది, పైగా దసరాకు పూలు అమ్ముడుపోతాయి. గిలిగిచ్చ మొక్కలు, ఎండిన కాయలో గింజలు గలగలలాడేవి, గుర్రపు కాలేయానికి పరమశత్రువులు. ఆస్ట్రేలియా ఉత్తరభాగంలో ఈ జాతి మొక్క తిని గుర్రాలు పిచ్చెత్తినట్లు నడుస్తూ నడుస్తూ చచ్చిపోయేవి. మనం పచ్చిరొట్టకు వేసే జనుము దీని దాయాదియే. దాని గింజ గుర్రానికి పెట్టరాదు. ఆముదపు గింజ, ఆముదపు పిండి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పల్లేరు విషంకంటె ముల్లుతో హాని చేస్తుంది; గిట్ట మెత్తలో దిగిన ముల్లు ధనుర్వాతానికి దారి తీయవచ్చును. గుర్రం ఆ జబ్బుకు మిక్కిలి లోబడే జంతువు, టీకా తప్పక వేయించవలెను. గునుగు మాత్రం నిరపాయం. బతుకమ్మ దినాలలో పేట ఆడపడుచులను దొడ్డిలోనికి రానిస్తే వారే కోసుకొని పోతారు.

తుంగ వేరే తరహా శత్రువు. పీకితే పోదు, మట్టిలోపల గడ్డలు దారానికి గ్రుచ్చిన పూసలవలె ఉంటాయి, పీకినప్పుడు దారం తెగి పూసలు మిగులుతాయి. ఒక్కొక్క పూస ఒక్కొక్క మొక్క. తుంగ విరివిగా ఉన్నదంటే అక్కడ నీరు నిలుస్తున్నదని సాధారణంగా గ్రహించవచ్చును. మొదట నీటికి దారి తీయవలెను. రోహిణి కార్తె ఎండలలో ఆ చోటును గడ్డపారతో తిరుగవేసి, గడ్డలను పైకి తెచ్చి ఎండలో మాడనిస్తే చాలభాగం చస్తాయి. మిగిలినవి గరిక దట్టమైనకొలది వెనుకబడతాయి, తుంగకు నీడ పడదు.

గరికను తిరిగి తెచ్చుకోవటం కష్టమైన విద్య కాదు, ఓపిక కావలెను. మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడిన తరువాత, గట్టిపడిన నేలను పిడికెడు లోతున గుల్లచేసి, ఇటుక ముక్కలు, మేకులు ఏరివేసి, బాగా మాగిన ఎరువు పరచవలెను. ధూల్‌పేట వంటి పేటలలో విగ్రహాల పనిలో మిగిలిన ప్లాస్టర్ పెళ్ళలు, రంగు డబ్బాలు ఖాళీ జాగాలలో చేరుతూ ఉంటాయి. వాటిని కూడ ఏరి బయటకు పంపవలెను. రంగు పూత ఉన్న పెళ్ళను నాకటానికి గుర్రం వెనుదీయదు. రెండు మూడు కణుపులున్న గరిక కాడలను జానెడు ఎడంగా, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేటట్లు నాటి, కాలితో అదిమి, వాన లేని దినాల నీరు చల్లవలెను. కాడలు తెచ్చేటప్పుడు వేళ్ళలో తుంగ గడ్డలు లేకుండ కడిగి చూసుకోవలెను. మూడు వారాలకు తీగ సాగుతుంది, రెండు నెలలకు నేల కప్పుతుంది. ఈ రెండు నెలలు గుర్రం గిట్ట దానిమీద పడరాదు. ఇక్కడనే చాలమంది ఓడిపోతారు. పచ్చ మొలక కనిపించగానే, పాపం ఒక పూట తిననీ అని వదలుతారు.

అందుకొరకు దొడ్డిలో ఒక మూలను గడ్డికి వదలుకోవలెను. పదిహేను గజాల పొడుగు, పది గజాల వెడల్పున ఇసుకయో, రాతిపొడియో పరచి, నీడ, నీళ్ళతొట్టి ఏర్పరచి, గుర్రం హెచ్చుకాలం అక్కడనే ఉండేటట్లు చేయవలెను. ఇసుకమీద మేత వేయవద్దు, తొట్టిలో వేయవలెను. ఇసుక కడుపులో చేరితే నొప్పి వస్తుంది. మిగిలిన నేలను మూడు నాలుగు పట్టీలుగా త్రాళ్ళతో వేరుచేసి, ఒకదాని తరువాత ఒకదానిలో పూటకు రెండు మూడు గంటలు మేపవలెను. గడ్డి అరజానెడు దాటినప్పుడు గుర్రాన్ని లోనికి పంపటం, మూడు వ్రేళ్ళ ఎత్తుకు దిగగానే బయటకు తీయటం, ఇదే కొలత. వానకాలంలో పట్టీకి మూడు నాలుగు వారాల విశ్రాంతి చాలును. చలికాలంలో ఆరు వారాలు కావలెను. వేసవిలో నీరు పెట్టలేనివారు మేపనే వద్దు. ఎండిపోయినట్లు కనిపించే గరిక నేలలోపల బ్రతికే ఉంటుంది; దానిని కొరికించి, త్రొక్కించి చంపేది మనమే. నేల బురదగా ఉన్న దినాలలో కూడ గుర్రాన్ని లోనికి వదలరాదు. ఒక్క దినపు గిట్టలు ఒక నెల పనిని చెరుపుతాయి.

లద్దె విషయం గుర్రపువారికి నేను చెప్పవలసినది కాదనిపిస్తుంది, అయినా చెప్పవలెను. ఒక గుర్రం దినానికి పదిహేను కిలోలకు తక్కువ కాకుండ లద్దె వేస్తుంది. అది పడిన చోటనే వదిలితే వెచ్చని వానదినాలలో వారం పది దినాలకే దానిలోని క్రిమి గ్రుడ్లు పొదిగి, పిల్లలు గడ్డిపోచలమీదికి ప్రాకుతాయి. గుర్రం ఆ గడ్డిని తిని మళ్ళీ కడుపులో పురుగు పెంచుకొంటుంది. వారానికి రెండు పర్యాయాలైనా గంపకెత్తి దూరంగా కుప్ప వేస్తే ఈ చక్రం తెగుతుంది, ముట్టకుండ వదలిన మూల కూడ క్రమంగా మేతకు వస్తుంది. పచ్చిలద్దెను ఎరువని గరికమీద చల్లటం తప్పు. మోపులలో వచ్చిన కలుపు విత్తులు గుర్రపు కడుపులో అన్నీ చావవు. అవి లద్దెతో మళ్ళీ నేలకే చేరుతాయి. కుప్పగా పేర్చి, తడి చూసుకొంటూ, నెలకొక మారు తిరుగవేస్తే లోపలి వేడికి విత్తులు, గ్రుడ్లు మాడిపోతాయి. చేయి పెట్టలేనంత వేడి పుట్టినదా అన్నదే పరీక్ష. మూడు నాలుగు నెలలకు మట్టి వాసన వేసే నల్లని ఎరువు తయారవుతుంది. అప్పుడు గరికకు వేయవచ్చును.

చివరకు ధూల్‌పేటకు ప్రత్యేకమైన ఒక కలుపు ఉన్నది. అది మొలిచేది కాదు, ఆకాశంనుండి రాలేది. గాలిపటాలకు, మాంజాకు ఈ పేట పేరుపడినది. సంక్రాంతి ముగిసేసరికి తెగిన దారం మూరలకొద్దీ దొడ్లలో, కంచెలమీద, గరిక తీగలలో చిక్కుకొని ఉంటుంది. నూలు దారం వానకు, ఎండకు చివుకుతుంది. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయాధికరణం 2017లో నిషేధించినా, అది ఇంకా గాలిలో ఎగురుతూనే ఉన్నది. ఆ దారం ఏళ్ళ తరబడి కుళ్ళదు. మేసే గుర్రం దానిని గడ్డితోపాటు మ్రింగితే ప్రేగులో ముడిపడుతుంది. గిట్టపైన చుట్టుకొంటే నడిచినకొలది బిగిసి చర్మాన్ని కోస్తుంది. కనుమ మరునాడు గుర్రాన్ని బయట కట్టి, ఇంటిలోని పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, దొడ్డిని ఈ చివరినుండి ఆ చివరకు నడిపించి దారం ఏరించవలెను. పోగు కనిపించిన చోట లాగివేయక, గరిక తీగను విడదీసి మెల్లగా తీయవలెను. ఏరిన దారాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తబండికి ఇవ్వవలెను. ఎవరి పటం దారం ఎంత దొరికినదో లెక్క పెట్టుకొంటామని పిల్లలంటే అనుమతించవచ్చును. పని త్వరగా ముగుస్తుంది.